ఒంటిచేతి హ్యాండిల్

సకల జనుల సమ్మె రోజులు. తెల్లవారినా దిల్‌సుఖ్‌నగర్ కళ్ళు తెరవలేదు. పందెం సైకిళ్ళు కట్టే అంతయ్య దుకాణానికి సగం దించిన షట్టర్. లోపల అంతయ్య, అతని ఎదురుగా కుడిచేతిని చున్నీ కింద దాచుకున్న సీతామహాలక్ష్మి.

"...కాదంటే కాదు. ఇంక మల్ల అడగకు."

"అడుగుతాను. మీరు కాదంటే ఈ ఊళ్ళో ఇంకెవరి దగ్గరికి వెళ్ళను, బాబాయ్?"

"బంద్ నడుస్తుంది. సుత్తె పట్టనని మెకానిక్‌ల సంఘంల మాటిచ్చిన. అయినా కరెంటేది? వెల్డింగ్ ఎట్ల జెయ్యాలె? నీ హ్యాండిల్‌కు ముందలున్న కొమ్ములు కొయ్యంగ ఉన్న కరెంటు, అతికే యాళ్లకు పాయె."

"సింగరేణిలో బొగ్గు ఆపింది మీ వాళ్ళే. ఇంక కరెంటెక్కడ నుంచి వస్తుంది?"

"గా ముచ్చట నాకే జెప్తున్నవా? మంచిగుంది. పో, ఇంటికి పో. పందెం మల్ల పెడ్తరు తియ్."

"మళ్ళీ ఉండదు. జాతీయ క్యాంపుకి మన రాష్ట్రం నుంచి టైమ్ ట్రయల్‌కి ఒక్క అమ్మాయినే తీసుకుంటారు. ఆ ఒక్కరు ఎవరో ఇవాళ ఔటర్ రింగ్ రోడ్డు మీద తేలుతుంది. మీరు కొమ్ములు కోసిన సైకిల్ వేసుకుని ఎలా వెళ్ళను?"

"రెండు వేళ్ళ ఎత్తు తగ్గియ్యమన్నది నువ్వే గద! 'బాబాయ్, ఇంకా వంగాలి, గాలికి ఇంకా తక్కువ దొరకాలి' అని పాణం తీస్తివి. మామూలు హ్యాండిలే బిగించి ఇస్త, తొక్కుకో."

"మామూలు హ్యాండిల్ వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దన్నాను కదా."

"ఆ చున్నీ తియ్యి."

"చలిగా ఉంది."

"చెమటలు గారుతున్నయ్ నీకు, చలంటవేంది? తియ్యమంటున్న."

"చూశాక కాదనకూడదు మరి."

"ముందు తియ్యి... ఓయమ్మో! గిదేంది బిడ్డా? మణికట్టు ఇరిగిందా?"

"చిన్న చీలిక అన్నారు డాక్టరు గారు."

"చిన్న చీలికకు గింత వాపొస్తదా? దవాఖానల పిండికట్టు ఎయ్యలేదా?"

"వేశారు. నేనే కత్తెరతో కోసి తీసేశాను."

"పాగల్ అయినవా ఏంది?"

"కట్టుంటే పందెం బట్టల చెయ్యి దాని మీద ఎక్కదు. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళు చూస్తే స్టార్ట్ గీత దగ్గరికే రానివ్వరు. ఇప్పుడు పొడుగు చేతుల సూట్ వేసుకుంటే ఏమీ కనబడదు."

"కనబడదు! నొప్పి కూడ కనబడదా? మీ అమ్మకు తెలుసా?"

"మెట్ల మీద జారానని చెప్పాను."

"నిజంగ జారినవా?"

"పడ్డాను."

"సైకిల్ మీదికెళ్ళి పడితే అరచెయ్యి గీరుకపోతది. నీ అరచెయ్యి సాఫ్ ఉంది. ఎవరో తిప్పినట్టున్నది."

"బాబాయ్, టైము పోతోంది."

"పోలీసోల్లా? నిన్న లాఠీలు బాగ నడిచినయ్ గీ రోడ్డు మీద."

"ఎవరైతే ఏంటండీ? విరిగింది విరిగింది. మీరు చేసిపెడతారా, పెట్టరా?"

"ఏం జెయ్యమంటవే తల్లీ? చెయ్యి లేనోల్లకు నేను బండి ఎట్ల కట్టాలె?"

"అందుకే మీ దగ్గరికి వచ్చింది. మామూలు హ్యాండిల్ అరచేత్తో పట్టుకోవాలి. అది నావల్ల కాదు. కానీ మీ కొమ్ములున్న హ్యాండిల్‌కి అరచెయ్యి అక్కర్లేదు కదా? మోచేతులు ఆనించి పడుకోవడమే. బరువంతా మోచేతుల మీద. మణికట్టు గాల్లో ఉంటుంది. అవునా, కాదా?"

"సీదా రోడ్డు మీదైతే అవును."

"ఔటర్ సీదాయే!"

"మలుపు ఉండదా? పోయినోల్లు తిరిగి రావద్దా? ఆ కొసకు పోయి, నడి రోడ్డు మీద పెట్టిన డబ్బా సుట్టు తిరిగి రావాలె. అక్కడ బ్రేకెట్ల కొడ్తవ్? గేరెట్ల మారుస్తవ్? కింద పడితే ఇంకో చెయ్యి కూడ పాయె. నాకు మీ నాయిన భానుమూర్తి సారు ముఖం జూడాల్నని లేదా?"

"నాన్న ముఖం ఇంక ఎలాగూ చూడరు మీరు. ఇల్లు అమ్మకానికి పెట్టేశారు. తెనాలి వెళ్ళిపోతున్నాం."

"ఎందుకు?"

"ఎందుకా? కిటికీ అద్దం పగిలిన రోజు నుంచి ఆయనకి నిద్ర లేదు. ఈ ఊళ్ళో మనకి రోజులు చెల్లిపోయాయి అంటారు."

"మేం రాష్ట్రం అడిగినం గని మీ ఇల్లు అడగలే!"

"ఆ మాట అద్దం పగలగొట్టినవాడితో చెప్పండి. నాన్న నాకొక్క మాట ఇచ్చారు. క్యాంపుకి పేరొస్తే నన్ను పంపిస్తారు. రాకపోతే నేనూ తెనాలి, అక్కడ మా చిన్నాన్న గారి ధాన్యం కొట్లో కూర్చోవడం, సైకిల్ అటకెక్కడం. అంతే. ఇవాళ మధ్యాహ్నానికి ఏదో ఒకటి. ఇంకో దారి లేదు నాకు."

"ఏడుస్తున్నవా?"

"లేదు."

"ఏడ్వకు. ఏడిస్తే నాకు చేతులాడయ్... ఆ మూలకు తెల్ల పీవీసీ పైపుంది, ఇటియ్యి."

"చేస్తారా?"

"పైపియ్యమన్న. చేస్తనని అన్లే. ఆ గాసునూనె స్టవ్వుకు పంపు కొట్టు, ఎడమ చేత్తోని."

"కొడుతున్నా... వెలిగింది."

"షట్టర్ ఇంక జర కిందికి గుంజు. బయటికి పొగ పోవద్దు."

"పైపెందుకు బాబాయ్?"

"దోనెలకు. మోచేతులు పెట్టుకునే దోనెలు. పాతయి అంత లోతు లేవు, చెయ్యి జారుతది. పైపు నిలువుగ కోసి కాలిస్తె మెత్తవడ్తది. మెత్తగున్నప్పుడే నీ చేతి మీద పెట్టి ఒత్తుత. నీ చెయ్యే దానికి అచ్చు."

"కాలుతుందా?"

"తడి తువ్వాల సుట్టినంక కాలదు. ఇటు రా. చెయ్యి సాపు. ఒత్తుతున్న... నొస్తుందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

"అబద్ధమాడకు! నొచ్చిన కాడ నొచ్చింది అంటెనే దోనె సరిగ్గొస్తది. ఇప్పుడు నీ నొప్పే నాకు కొలత టేపు. ఇక్కడ?"

"అబ్బా! అక్కడ. అక్కడ ముట్టుకోకండి."

"గట్ల చెప్పు. అంటే కుడిదాన్ని వెనకకు జరుపాలె, మోచిప్ప కింద పడేటట్టు. ముందల సగం చెయ్యి దేనికీ తగలొద్దు. కుడి కొమ్ము ఉంటది గని ఉట్టిగనే. వేళ్ళు దాని మీద పెట్టినట్టు కనబడాలె. పట్టుకోవద్దు."

"బెల్టుతో కట్టేయండి. చెయ్యి దోనెలో కదలకుండా."

"కట్ట."

"ఎందుకు? అప్పుడు జారదు కదా?"

"కట్టుకుంటే పడ్డప్పుడు బండి నిన్ను ఇడిసిపెట్టదు. నిన్ను ఈడ్సుకపోతది. కట్ట."

"బాబాయ్, ప్లీజ్..."

"కట్టనంటే కట్ట! ఎక్కువ మాట్లాడితే దుకాణం మూసేస్త. దోనె అంచు లోపటికి మలుస్త, చెయ్యి ఆగుతది. ఒడ్డున్న దోనెల నీళ్ళు ఆగినట్టు. ఆ హవాయి చెప్పు ఇటియ్యి."

"మీ చెప్పా?"

"కొత్తదే, మొన్ననే కొన్న. అడుగు కోసి దోనెల అతికిస్త. నీ మోచెయ్యికి రోడ్డు గుంతలు తెల్వొద్దు."

"మరి మీరేం తొడుక్కుంటారు?"

"ఉట్టి కాళ్ళతోని నడుస్త. బంద్ నాడు షాపింగ్ పోతనా? బ్రేకుల ముచ్చట జూద్దాం. వికలాంగుల మూడుచక్రాల బండి ఒకటి రిపేరుకొచ్చింది, దానికి ఒక్క మీట, రెండు తీగలు. ఒక్క చేత్తో పడితే రెండు చక్రాలు ఆగుతయ్. ఆ మీట నీ బండికి ఎడమ దిక్కు ఎక్కిస్త."

"ఆ బండి ఆయనకేం చెబుతారు?"

"సమ్మె అని చెప్త. గీ దినాలల్ల అందరికీ అదే జవాబు. గేర్ మీట ఎడమ కొమ్ము కొసకు. గొలుసు ముందటి పెద్ద పళ్ళచక్రం మీదనే ఉంటది, దాన్ని మార్చే పనే లేదు. అంటే ఏంది? నీ కుడిచెయ్యి..."

"చుట్టం చూపుకొచ్చినట్టు ఊరికే కూర్చుంటుంది."

"అగో, నవ్వినవ్. నవ్వాలె గట్ల."

"బాబాయ్... ఎవరో షట్టర్ కొడుతున్నారు."

"ష్..."

"ఎవర్రా లోపట? బంద్ నాడు సుత్తె చప్పుడేంది? అంతన్నా! నువ్వేనా?"

"జానయ్య గీడు. ట్రాలీ ఆటోవోడు, మా సమ్మె శిబిరంల ఉంటడు. నువ్వు మాట్లాడకు... ఆఁ, జానయ్యా! ఏం లేదు, చెద్దరు దులుపుతున్న!"

"సుత్తెతోని దులుపుతున్నవా? షట్టర్ లేపు... ఏంది అంతన్నా ఇది? నలుగురికి బుద్ధి జెప్పేటోనివి. నిన్న రాస్తారోకోల నీలెక్క ముంగట నిలబడ్డోడు లేడని కొత్తపేట దంక అంటున్నరు. తెల్లారేసరికి దుకాణం తెరుస్తవా? ఈమె ఎవరు?"

"భానుమూర్తి సారు బిడ్డ. సీతామాలచ్మి."

"ఆంధ్రోల్ల పిల్ల కోసమా సంఘం మాట తప్పుడు?"

"నేను కొత్తపేటలో పుట్టానండీ."

"పుట్టుడు కొత్తపేటల, పచ్చడి తెనాలిది."

"పచ్చడి మీకూ పంపిస్తాంగా ప్రతి వేసవిలో. మీ ఇంట్లో సైదమ్మ గారిని అడగండి, జాడీ ఇంకా తిరిగివ్వలేదు."

"అరె... ఆ ఆవకాయ మీదా? నాకేం తెల్సు, మా ఆడది ఎక్కన్నో తెచ్చిందనుకున్న."

"జానయ్యా, పిల్ల చెయ్యి జూడు ముందు. జూసి మాట్లాడు."

"అబ్బో... ఏమాయె చెల్లె? నిన్నటి లాఠీనా?"

"నేను పోలీసులని అన్లేదు."

"అనకు. నువ్వనకున్నా మాకు తెల్వదా? ఆడపిల్లని గూడ సూడలే, దొంగనాయాండ్లు! అంతన్నా, ఇరిగిన చెయ్యితోని ఈ పిల్ల ఏడికి పోతది?"

"పందానికి. ఔటర్ మీద, పెద్ద అంబర్‌పేట కాడ."

"ఎంతమంది తొక్కుతరు? గుంపుల ఈమెను గుద్దితే?"

"గుంపుండదు. ఒక్కొక్కల్నే వదుల్తరు. ఒకలు పోయినంక ఇంకొకలు. పక్కన ఎవ్వరుండరు. గాలితోని, గడియారంతోని కొట్లాట. అందుకే పండుకొని తొక్కాలె, గాలికి దొరకకుండ."

"అందుకా గీ కొమ్ములు? ఎద్దుకు పెట్టినట్టు!"

"ఎద్దే. ఎక్కు బిడ్డా, నేను వెనక చక్రం పట్టుకుంట. మోచేతులు దోనెలల్ల పెట్టు. నెమ్మదిగ. ఇప్పుడు బరువు వదులు."

"వదిలాను."

"నొస్తుందా? నిజం చెప్పు."

"మణికట్టు... కొంచెం లాగుతోంది. మోచెయ్యి బాగుంది. బాబాయ్, నిజంగా బాగుంది! నేను తొక్కగలను!"

"ఇంక వాలు. మొత్తం వాలు. తల కిందికి..."

"అమ్మా!"

"పట్టుకో జానయ్యా! పట్టుకో పిల్లను!"

"పట్టిన, పట్టిన! ఏమాయె?"

"కుడి కొమ్ము తిరిగింది. పట్టీ ఏసి నట్లు బిగించిన గని బరువు పడంగనే కిందికి జారింది. ఛీ! వెల్డింగ్ ఉంటే గిట్ల కాకపోవు. నా నోట్ల మన్ను వడ, ఎందుకు కోసిన దీన్ని!"

"ఇంకా బిగించండి."

"ఎంత బిగించినా గంతే. పైపు సన్నం, పట్టీ లావు. నడుమ ఖాళీ ఉంది. రోడ్డు మీద తిరిగితే మూతి పండ్లు రాలుతయ్. కాదు బిడ్డా. ఇది కాదు. నేను మాటియ్యలేదు నీకు, దిగు."

"దిగను."

"దిగమంటున్న!"

"దిగనండీ! ఇంత దూరం వచ్చాక దిగమంటారా? జారితే జారనీయండి. ఎడమ కొమ్ము గట్టిగానే ఉందిగా, దాని మీద పోతాను. ఒక మోచెయ్యి చాలు."

"చాలదు. వంకరగ పండుకుంటే నడుము పోతది, సగం దూరంల ఆగిపోతవ్. ఇనవేందే!"

"జర ఆగుండ్రి ఇద్దరు. అంతన్నా, నడుమ ఖాళీ ఉన్నదంటున్నవ్. ఖాళీల ఏమన్న పెట్టరాదు?"

"ఏం పెడ్త? బట్ట పెడితే నలుగుతది. రబ్బరు పెడితే ఊగుతది. పల్చటి రేకు గావాలె, మెత్తగ సుట్టుకునేది... జానయ్యా!"

"ఆఁ?"

"నీ ట్రాలీ ఆటోల ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాలు ఉంటయ్ గద?"

"పండ్ల మార్కెట్ల పిల్లలు తాగి ఎనక ఇసిరేస్తరు. ఎన్ని గావాలె?"

"ఉరుకు. ఒకటి తే!"

"గిదేం ఇంజినీరింగో ఏమో. తెస్తున్న!"

"బాబాయ్, అది పనికొస్తుందా?"

"పనికి రావాలె. ఆ రేకు వెంట్రుక మందమే, గని పైపుకు సుట్టి పట్టీ బిగిస్తే రెండు ఒక్కటైతయ్. బిడ్డా, నిన్నొక్క ముచ్చట అడుగుత. నీ పేరు ఎన్నోది పందెంల?"

"మొదట్లోనే. మనం ఉన్నా లేకున్నా మన వంతు రాగానే మన గడియారం మొదలవుతుంది. ఆలస్యంగా వెళ్తే ఆ ఆలస్యం మన లెక్కలోనే పడుతుంది."

"అంటే ఇప్పుడు బయలెల్లాలె."

"ఇప్పుడే."

"ఇగో అంతన్నా, డబ్బా. మామిడి రసం వాసన గొడ్తుంది, కడిగి తేనా?"

"కడుగుడేంది! కత్తెరియ్యి. ఆ కొస పట్టు... సుట్టు... ఇంకో సుట్టు. స్పానర్. పెద్దది కాదు, దాని చెల్లెది. ఆఁ. ఇంక బిగువు... బిగువు... జానయ్యా, నీ బరువంత ఏసి ఒత్తు కొమ్ము మీద."

"నేనా? నా బరువుకు ఆటోనే ఒంగుతది."

"అందుకే ఒత్తుమంటున్న!"

"ఒత్తుతున్న... ఊఁ... ఊఁ! కదలలే! అంతన్నా, కదలలే!"

"ఎక్కు బిడ్డా."

"ఎక్కాను."

"వాలు."

"వాలాను."

"ఎట్లున్నది?"

"గాల్లో పడుకున్నట్టుంది."

"గాలి కింద పండుకోవాలె, గాల్ల కాదు. ఇంకా జర తల దించు. ఆఁ, గిది. ఇప్పుడు ఇను, జాగ్రత్తగ ఇను. మలుపు కాడ పోటీ పడకు. అక్కడ ఓడిపో. దూరంకెళ్ళే బ్రేకు సన్నసన్నగ పట్టు, ఒక్కసారి పట్టకు. ఒక్క మీటకే రెండు చక్రాలు ఆగుతయ్, మొత్తం గుంజితే ఎగిరి పడ్తవ్. ఎడమ చెయ్యితోని అడ్డ హ్యాండిల్ పట్టుకొని, రోడ్డు ఎంత ఎడల్పుంటే అంత ఎడల్పు తిరుగు. ముసలోల్ల లెక్క తిరుగు. తిరిగినంక దోనెల చేతులు పెట్టి, అప్పుడు సంపుకో వాళ్ళను."

"ముసలమ్మలా తిరగాలి. తిరిగాక చంపుకోవాలి."

"నవ్వకు. మల్ల చెప్పు."

"బ్రేకు దూరం నుంచి, సన్నగా. ఎడమ చెయ్యి అడ్డ హ్యాండిల్ మీద. వెడల్పుగా. బాబాయ్, ఇంకొకటి. స్టార్ట్ దగ్గర సైకిల్ సీటు వెనక నుంచి ఒకరు పట్టుకోవాలి. నిలబెట్టి, గంట కొట్టగానే వదలాలి. మామూలుగా వాళ్ళ మనిషే పట్టుకుంటాడు. కానీ నా చెయ్యి దోనెలో పెట్టుకునేటప్పుడు నా ముఖం మారితే ఆయనకి తెలిసిపోతుంది. మన మనిషిని పెట్టుకోనిస్తారు, అడిగాను. మీరు రండి."

"నేనా? ఎల్బీనగర్ కాడ శిబిరంల కూసోవాలె నేను. నా పేరు పిలుస్తరు."

"పిలవనీ అంతన్నా. నేను చెప్త, కడుపునొప్పి అని. నడువుండ్రి, బండి ట్రాలీల ఎక్కిద్దాం. నా ఆటోకు జెండా ఉంది, ఎల్బీనగర్ల ఎవ్వడాపడు. చెల్లె, ఎనక కూసుంటవా, ముంగటనా?"

"వెనకే. సైకిల్ పట్టుకుంటాను."

"గుంతలు తగులుతయ్, నొస్తది."

"సైకిల్‌కి తగలకూడదు. నాకు ఫర్లేదు."

"జానయ్యా, ఆ పండ్ల బుట్టల గడ్డి ఉంటే చక్రాల కింద పరువు. ఆఁ. కొమ్ములు పైకుండాలె... అరె, తాడు అట్ల గుంజకు, దోనె ఇరుగుతది! జరుగు, నేను కడ్త."

"కట్టు కట్టు, నీ సొంత బిడ్డకు జడేసినట్టు కడుతున్నవ్ గద. అంతన్నా, నేనొక ఆలోచన జేసిన. పోయేటప్పుడు ఎల్బీనగర్ శిబిరం కాడ ఒక్క నిముషం ఆపుత. ఈ చెల్లెను జూపిచ్చి మైకుల చెప్త: ఆంధ్రా పిల్ల అయినా సరే పోలీసోల్లు చెయ్యి ఇరగ్గొట్టిన్రు, తెలంగాణోల్లమే హ్యాండిల్ కట్టిచ్చి పంపుతున్నం అని! జనం ఊగిపోతరు."

"వద్దండీ."

"ఎందుకొద్దు? నిజమే గద?"

"నిజం కాదు. పోలీసులని నేను అనలేదని ఇందాకే చెప్పాను."

"జానయ్యా, నువ్వు బండి స్టార్ట్ జెయ్యి... బిడ్డా, పోలీసులు కాకపోతే మరెవ్వరు?"

"పందెం అయ్యాక చెప్తాను. ఎక్కండి, టైము పోతోంది."

"చెప్పినంకనే ఎక్కుత. ఎవడు వాడు? నీతోని పోటీ పడేటోల్లు జేపిచ్చిన్రా?"

"కాదు. నిన్న రాస్తారోకోలో. నా బండి మీ దగ్గరుంది కదా, తమ్ముడి సైకిల్ మీద చైతన్యపురి వైపు నుంచి వస్తున్నాను. సైకిళ్ళని వదిలేస్తున్నారుగా అనుకున్నాను. నా ట్రాక్‌సూట్ వీపు మీద పెద్ద అక్షరాలతో ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. పోయిన ఏడాది రాష్ట్ర జట్టుకి ఇచ్చింది. అది చూసి ఒకాయన పరిగెత్తుకొచ్చాడు."

"మనోడా? మా పోరడా? చేతులు ఇరగ్గొడ్త వానివి! పేరు జెప్పు."

"పోరడు కాదు. పెద్దాయన. సీటు పట్టుకోలేదు, నన్ను తొయ్యలేదు. తిన్నగా వచ్చి హ్యాండిల్ పట్టుకుని ఒక్కసారి ఎడమకి తిప్పాడు. సైకిల్ని ఎలా ఆపాలో బాగా తెలిసిన చెయ్యి. బ్రేకు మీటకీ హ్యాండిల్‌కీ మధ్య నా మణికట్టు ఇరుక్కుంది."

"పడ్డంక... వాడు జూడలేదా?"

"పడిపోయాక ఆయన చూడలేదు. అప్పటికే ఇంకో బండి మీదికి పరిగెత్తాడు. కావాలని చేసింది కాదు, నాకు తెలుసు."

"నీకు... వాని ముఖం కనబడ్డదా?"

"కనబడింది. ఆయనకే నా ముఖం కనబడలేదు. హెల్మెట్, కళ్ళద్దాలు, మూతికి చున్నీ."

"పొద్దుగాల రాంగనే ఎందుకు చెప్పలే మరి?"

"చెబితే చేతులు వణుకుతాయి. వణికే చేతులు బిగించిన హ్యాండిల్ మీద నేనెలా వాలను?"

"అంతన్నా! ఎక్కరాదె! ఆటో ఆగిపోతది మల్ల!"

"ఆగు జానయ్యా... బిడ్డా. ఒక్క మాట. నువ్వు అరువలేదా? పట్టుకున్నప్పుడు... అరువలేదా నువ్వు?"

"అరిచాను. నినాదాల్లో వినపడలేదు."

"ఏమని అరిచినవ్?"

"'బాబాయ్, నేను... సీతని' అని."